నోటీసు వెనక పేజీ

మా వీధిలో ఎవరింటికి ఏ కాయితం వచ్చినా ముందు నా దగ్గరికే వచ్చేది. కరెంటు వాళ్ళ నోటీసైనా, బ్యాంకు నుంచి వచ్చిన కార్డైనా, పిల్లవాడి స్కూలు నుంచి వచ్చిన ఉత్తరమైనా సరే, సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చునేసరికి ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి ఉండేవారు. నేను అప్పట్లో తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. జీవోలు చదవడం, వాటిలో ఎక్కడ ఏ మెలిక ఉందో పట్టుకోవడం నా ఉద్యోగం. కళ్ళజోడు తుడుచుకుని, కాయితాన్ని కాస్త దూరంగా పట్టుకుని, మొదట ఒకసారి మనసులో చదువుకుని, "ఊఁ" అనేవాణ్ణి. ఆ తర్వాతే పైకి చదివేవాణ్ణి. ఆ "ఊఁ"కీ చదవడానికీ మధ్య ఎదుటి మనిషి నా ముఖం కేసి బెదురుగా చూస్తుండటం నాకు బాగుండేది. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ ఇంతకంటే పెద్ద సిగ్గు చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి దీంతోనే మొదలుపెట్టడం మంచిది.

అలా నేను చదివిపెట్టిన వందల కాయితాల్లో ఒక్కదాన్ని మాత్రం సగమే చదివాను. తెలిసే చదివాను.

ఊరి చివర కొత్తగా వేసిన లేఅవుటులో యాభై అంకణాల స్థలం కొని ఇల్లు కట్టుకున్నాను. ఉత్తరం వాకిలి. గేటు తీసి నిలబడితే ఎదురుగా కొండ కనిపించేది. ఇల్లు కట్టిన వాళ్ళందరూ ఇంటి ముందు మల్లె, కనకాంబరం, కరివేపాకు, ఒక బొప్పాయి చెట్టు పెంచుకుంటే, నేను లాన్ వేశాను. దానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పెద్ద అధికారి బంగళాకు ఫైళ్ళు మోసుకుపోయేవాణ్ణి. ఆయన సాయంత్రం పూట పచ్చగడ్డి మధ్య పేముకుర్చీ వేసుకుని టీ తాగుతూ సంతకాలు పెట్టేవాడు. నేను గడ్డి తొక్కకుండా అంచున, కంకర మీద నిలబడేవాణ్ణి. నిలబడమని ఆయన ఎప్పుడూ అనలేదు. నాకు నేనే నిలబడేవాణ్ణి. ఎప్పటికైనా నాకూ ఒక గడ్డి ఉండాలి, దాని మధ్య నేనూ కుర్చీ వేసుకోవాలి అని ఆ కంకర మీదే అనుకున్నాను.

చంద్రగిరి రోడ్డులో ఒక నర్సరీ నుంచి చాపల్లా కోసిన గడ్డి తెచ్చి పరిపించాను. రెండ్రోజులకొకసారి వచ్చే మునిసిపాలిటీ నీళ్ళను పైపు పెట్టి దానికే పట్టేవాణ్ణి. మా నాయన ఐరాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చి, పంచె ఎగ్గట్టి ఆ గడ్డి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఆవు లేని కొంపలో ఇంత గడ్డి యెందుకురా?" అన్నాడు. చూడ్డానికి నాయనా అన్నాను. గడ్డిని మేపడం తెలుసు గానీ చూడటం తెలీదని నవ్వుకుంటూ లోపలికి పోయాడు. మా ఆవిడ కూడా నవ్వింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

మా ఇంటికి తూర్పున ఇరవై అంకణాల్లో ఒక రేకుల ఇల్లు. ఆ లేఅవుటు పడకముందు నుంచీ వాళ్ళు అక్కడే ఉన్నారు. భార్యాభర్త ఇద్దరే. ఆయన కొండ మీదికి పోయే ఘాటు రోడ్డు బస్సులో కండక్టరుగా పనిచేసేవాడట. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది, రెండు మాటలు తప్ప. "రైట్" అనేవాడు. "హోల్డాన్" అనేవాడు. ఇన్నేళ్ళు బస్సులో అరిచిన ఆ రెండు మాటలే నాలుక మీద మిగిలాయి. అన్నం పెట్టమంటే రైట్, చాలంటే హోల్డాన్. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే రైట్, ఏదైనా నొప్పెడితే హోల్డాన్. వీధి పిల్లలకు కూడా ఆ భాష వచ్చేసింది.

ఆమె ఒక సత్రంలో వంటకు పోయేది. తెల్లవారి ఆరింటికి పోతే మధ్యాహ్నం రెండింటికి గానీ వచ్చేది కాదు. పోయేముందు ఆయన్ను ఇంటి ముందు కానుగ చెట్టు కింద మడతకుర్చీలో కూర్చోబెట్టి, పక్కన స్టూలు మీద చెంబుతో నీళ్ళు పెట్టి, ఒక తువ్వాలు భుజాన వేసి పోయేది. ఆ చెట్టును నమ్ముకునే ఆమె పనికి పోతోందని వీధిలో అందరికీ తెలుసు. తిరుపతి ఎండల్లో రేకుల కింద మనిషిని వదిలి పోలేరు. కానుగ నీడ సంగతి తెలియని వాళ్ళకు చెప్పలేను గానీ, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా దాని కింద మట్టి చల్లగా ఉంటుంది. ఆయన ఆ నీడలో కూర్చుని, కొండ మీదికి పోయే బస్సుల మోత వింటూ, రాలిన కానుగ కాయల్ని ఎడమ చేత్తో ఒళ్ళో పోగేసుకుంటూ ఉండేవాడు.

ఆమె నన్ను మొదటి రోజు నుంచీ "అన్నా" అని పిలిచింది. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు వాళ్ళ వసారాలోనే పెట్టుకున్నాం. గోడకు నీళ్ళు పట్టడానికి నేను రాలేని రోజుల్లో ఆమే పట్టేది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎవరూ లేని ఆమె నోరారా అన్నా అంటే నాకు బాగానే ఉండేది.

కాకపోతే ఆ చెట్టు నా గడ్డికి శత్రువయింది.

చెట్టు ఆమె స్థలంలో లేదు. ఆమె కంచెకూ వీధి కాలువకూ మధ్యన, మా గోడ మూలకు దగ్గరగా ఉంది. కొమ్మలు సగం నా ఆవరణ మీదికి వంగి ఉండేవి. పొద్దున పూట ఎండ తూర్పు నుంచి వచ్చేది కాబట్టి, లాన్‌లో ఆ మూల పది గంటల దాకా నీడలో ఉండేది. అక్కడ గడ్డి పాలిపోయి, పలచబడి, చివరికి మట్టి కనబడసాగింది. మాఘం వెళ్ళేసరికి ఆకు రాలేది. ఆ తర్వాత పూత. చిన్న చిన్న పువ్వులు గడ్డి సందుల్లో ఇరుక్కుని, చీపురుకు రాక, చేతికి రాక నన్ను విసిగించేవి. ఆదివారాలు నేను గొంతుక్కూర్చుని ఒక్కొక్క పువ్వూ ఏరేవాణ్ణి. ఆమె చూసి, "నువ్వు లెయ్యన్నా, నేను కసువు ఊడుస్తా" అని చీపురు తీసుకుని వచ్చేది. కొమ్మలు కొట్టించమని ఒకసారి అడిగితే రెండు కొమ్మలు కొట్టించింది కూడా. మిగతావి కొడితే ఆయనకు నీడ పోతుందని మెల్లిగా చెప్పింది. నేను సరేలే అన్నాను. లోపల మాత్రం సరేననుకోలేదు.

ఆ సంవత్సరమే మునిసిపాలిటీ నుంచి ఇంటింటికీ నోటీసులు వచ్చాయి. వీధులు బాగుచేస్తున్నారని, ఇంటి యజమానులు తమ ఇంటి ముందరి భాగాన్ని నిబంధనల ప్రకారం ఉంచుకోవాలని. నాకు అలాంటి కాయితం పండగలాంటిది. రాత్రి భోజనం కాకముందే రెండుసార్లు చదివాను. హద్దు దాటి వేసిన కంచెలు, పాదులు, పూలకుండీలు తీసెయ్యాలి. గేటు వీధిలోకి కాకుండా లోపలికి తెరుచుకోవాలి. కాలువ మీద బండలు పరిస్తే ఊడ్చేవాళ్ళు ఎత్తడానికి వీలుగా ఉండాలి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కత్తిరించాలి. ఖాళీ స్థలంలో పిచ్చిమొక్కలు పెరిగితే ఆ స్థలం యజమానిదే పూచీ. తొట్లలో నీళ్ళు నిలవ ఉండకూడదు. ఇవన్నీ ముందు పేజీలో. గడువు పదిహేను రోజులు.

వెనక పేజీలో రెండే ఉన్నాయి. ఒకటి, ఎండాకాలంలో కుళాయి నీళ్ళను పైపులతో తోటలకు పట్టకూడదు. రెండోది, వీధి అంచున ఎదిగిన చెట్లకు ఈ నోటీసు వర్తించదు, వాటిని మునిసిపాలిటీ రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ కొట్టకూడదు.

మరుసటి రోజు సాయంత్రం ఆమె తన నోటీసు పట్టుకుని వచ్చింది. గేటు బయట కాదు, ఎప్పటిలాగే వరండా మెట్టు మీద కూర్చుంది. "సదివి సెప్పన్నా. పక్కింటోళ్ళు యేందేందో అంటా ఉండారు, నాకు దడగా ఉండాది" అంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. "ఊఁ" అన్నాను. ముందు పేజీ మొత్తం చదివాను, ఒక్క అక్షరం వదలకుండా, ఒక్కొక్క నిబంధనకూ అర్థం చెబుతూ. ఆమె కంచె ఒక జానెడు బయటికి ఉందని, కాలువ పక్కన వేసిన గోంగూర పాదు తీసెయ్యాలని చెప్పాను. ఆమె తల ఊపింది.

తర్వాత కాయితం తిరగేశాను. వెనక పేజీ మనసులో చదివాను. నిన్న రాత్రి రెండుసార్లు చదివిందే. ఆమె నా ముఖం కేసి చూస్తోంది.

"సెట్టు సంగతి యేమన్నా రాసినారా అన్నా?"

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. వరండాలోంచి లాన్ కనబడుతోంది, ఆ మూల పసుప్పచ్చగా. నేను కాయితం మడిచి ఆమె చేతికిచ్చి, "హద్దు దాటి బయట ఏదీ ఉండకూడదంటున్నారమ్మా. పదిహేను రోజులు గడువు" అన్నాను.

అందులో అబద్ధమేముంది? ముందు పేజీలో ఉన్నదే చెప్పాను. ఆ రాత్రి పడుకుని నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. ఆఫీసులో ఏ ఫైలైనా ఇలాగే నడుస్తుంది, అడిగినదానికి సమాధానం ఇస్తాం, అడగనిది చెప్పం అనుకున్నాను. కానీ ఆమె అడిగింది. చెట్టు సంగతి పేరు పెట్టి మరీ అడిగింది.

పదిహేను రోజుల గడువు ఆమెకే కాదు, నాకూ ఉంది. రోజూ గేటు దగ్గర కనబడేది. కంచె వెనక్కి జరుపుతూ కనబడేది, గోంగూర పీకి మా ఆవిడకు ఒక కట్ట ఇస్తూ కనబడేది. చెట్టు కొట్టేవాళ్ళ కోసం వాకబు చేస్తున్నానని చెప్పేది. ఒక్క మాట, "వెనక పేజీలో ఇంకోటుందమ్మా, నేను చూసుకోలేదు" అంటే సరిపోయేది. పొరపాటు నాదేనని కూడా ఒప్పుకోనక్కర్లేదు, కళ్ళజోడు మీదికి తోసెయ్యొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. వచ్చిన ప్రతిసారీ లాన్ వైపు చూశాను.

మంగళవారం, శుక్రవారం చెట్టు మీద కత్తి పెట్టరు. ఆమె గురువారం పెట్టుకుంది. బుధవారం సాయంత్రం పొద్దుగూకే వేళ చెట్టు మొదట్లో పసుపు రాసి, కుంకుమ పెట్టి, అగరొత్తి గుచ్చి, చెట్టుతో మాట్లాడింది. నేను గోడ ఇవతల గడ్డికి నీళ్ళు పడుతున్నట్టు నిలబడి విన్నాను. రేపు నిన్ను కొడతా ఉండామని, మా మీద కోపం పెట్టుకోవద్దని, నీ మీద కాపురముండే వాళ్ళెవరైనా ఉంటే ఈ రాత్రికే ఎక్కడికైనా పొమ్మని చెప్పింది. చీమలకూ పిట్టలకూ కూడా గడువిచ్చింది.

మర్నాడు పొద్దున్నే గొడ్డళ్ళతో ఇద్దరు వచ్చారు. ఆమె పళ్ళెంలో టెంకాయ, కర్పూరం పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. "ఇంట్లో మగమనిసి కొట్టాల. ఆయనకు సెయ్యి లేవదు గదా. అన్నవి, నువ్వు కొట్టు" అంది.

మా ఊళ్ళో ఈ ఆచారం నాకు తెలుసు. చెట్టు కొట్టమన్న మనిషే టెంకాయ కొట్టాలి, ఆ పాపం గొడ్డలి పట్టినవాడికి తగలకుండా కొట్టమన్నవాడికే ఉండిపోయేట్టు. ఆమె ఇంట్లో మగమనిషి లేక నన్ను పిలిచింది. కానీ పిలవవలసిన మనిషినే పిలిచింది. ఆ సంగతి ఆ వీధిలో నాకొక్కడికే తెలుసు. నేను చొక్కా వేసుకుని వెళ్ళాను. టెంకాయ ఒక్క దెబ్బకే రెండు చెక్కలయింది. మంచిగా పగిలిందని గొడ్డలి వాళ్ళు సంతోషపడ్డారు.

ఆయన్ను చెట్టు కింద నుంచి తీసి వసారాలో కూర్చోబెట్టారు. మొదటి దెబ్బ పడేదాకా ఆయనకు ఏం జరుగుతోందో తెలిసినట్టు లేదు. పడగానే, "హోల్డాన్" అన్నాడు. గొడ్డలి వాళ్ళు ఆగి చూశారు. ఆమె ఏం లేదు, మీరు కానివ్వండి అంది. రెండో దెబ్బకు మళ్ళీ "హోల్డాన్". ఎడమ చెయ్యి ఎత్తి, బస్సు ఆపే మనిషిలా, గట్టిగా, బస్సు వెనక నుంచి ముందరి దాకా వినబడేంత గట్టిగా. దెబ్బదెబ్బకూ అన్నాడు. నేను వాచీ చూసుకుని ఆఫీసుకు టైమైందని వచ్చేశాను. సందు మలుపు దాటేదాకా వినబడుతూనే ఉంది. సాయంత్రం వచ్చేసరికి చెట్టు లేదు. మోకాలెత్తు మొద్దు మాత్రం మిగిలింది. కొండ ఇంకాస్త ఎక్కువగా కనబడింది.

లాన్ ఇరవై రోజులు బాగుంది. ఆ మూల కూడా పచ్చబడింది. ఒక ఆదివారం సాయంత్రం నిజంగానే పేముకుర్చీ వేసుకుని మధ్యలో కూర్చుని టీ తాగాను. మా ఆవిడ గ్లాసు ఇచ్చి, గడ్డి అంచునే నిలబడి, "సంతోషమేనా?" అని అడిగింది. ఆమెకు నోటీసు సంగతి ఎంత తెలుసో నేను ఎప్పుడూ అడగలేదు. మా నోటీసు కూడా వంటింటి అలమరలోనే ఉండేది. మా ఆవిడకు చదువొచ్చు.

చైత్రం సగమయ్యేసరికి ఎండలు ముదిరాయి. పక్కింట్లో ఆయన్ను పొద్దున ఆరింటికి ఆరుబయట కూర్చోబెడితే ఎనిమిదింటికే ఎండ మీద పడేది. ఆమె సత్రంలో పని మధ్యలో వదిలి చెమటలు కక్కుకుంటూ పరుగున వచ్చి, కుర్చీతో సహా లోపలికి లాగి, మళ్ళీ పరుగెత్తేది. లోపల రేకుల కింద ఆయన మధ్యాహ్నం దాకా తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చునేవాడు. మూడు దాటాక మా కాంపౌండు గోడ నీడ వాళ్ళ వైపు పడేది. అప్పుడు ఆమె కుర్చీ తెచ్చి గోడకు ఆనించి, ఆయన్ను ఆ రెండడుగుల నీడలో కూర్చోబెట్టేది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే, "మీ గోడ పుణ్యమన్నా, సాయంత్రమన్నా ఈయనకు నీడ దొరకతా ఉండాది" అంది. ఆయన నన్ను చూసి "రైట్" అన్నాడు. నేను లోపలికి పోయి చాలాసేపు స్నానాల గదిలో ఉండిపోయాను. తప్పు చేశానని నాకు నేను మొదటిసారి ఒప్పుకున్నది అక్కడే. ఒప్పుకుని, బయటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా అన్నం తిన్నాను.

నెల తిరగకుండా మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వీధిలో తనిఖీకి వచ్చాడు. ఆ రోజు సెలవు పెట్టాను కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. మా గేటు లోపలికి తెరుచుకోవడం, కాలువ మీద బండలు విడివిడిగా ఉండటం చూసి ముచ్చటపడ్డాడు. ఈ వీధిలో నోటీసు సాంతం చదివి అర్థం చేసుకున్న ఇల్లు ఇదొక్కటేనని నలుగురి ముందూ అన్నాడు. ఆ పొగడ్త ఇంకా చెవిలో ఉండగానే పక్కింటి ముందు మొద్దు దగ్గర ఆగిపోయాడు.

చెట్టు ఎవరు కొట్టమన్నారని ఆమెను అడిగాడు. నోటీసు వచ్చింది గదా, అందుకే కొట్టించానని ఆమె చెప్పింది. అతను తన సంచిలోంచి ఒక నోటీసు తీసి, తిరగేసి, వెనక పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. ఎదిగిన చెట్ల జోలికి పోవద్దని ఇంత స్పష్టంగా రాసి ఉందే, ఎవరితోనూ చదివించుకోలేదా అన్నాడు. ఆమె ఆ వేలు వైపు చూసింది. అక్కడి అక్షరాలు ఆమెకు రావు. రాత్రి బడిలో సంతకం చెయ్యడం ఒక్కటే నేర్చుకుంది. చదివించుకున్నానంది. ఎవరితో అన్నాడు. ఆమె చెప్పలేదు. నా వైపు చూడనూ లేదు. అయినా వీధిలో కాయితాలు చదివే మనిషి ఎవరో అక్కడున్న నలుగురికీ తెలుసు.

అప్పుడు నేనే నోరు విప్పాను. విప్పకుండా ఉన్నా బాగుండేది. "నేనే చదివాను. రెండు పేజీలూ చదివి చెప్పాను. ఆమెకు అర్థమైందో లేదో మరి" అన్నాను.

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను చదివేముందు "ఊఁ" అన్నప్పుడు నా ముఖం కేసి ఎలా చూసేదో అలాగే, ఏం రాసి ఉందో తెలుసుకుందామని చూసినట్టు చూసింది. ఈసారి ఆమెకు చదవడం వచ్చింది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "సార్ సరిగ్గానే సదివినాడు. నాకే తెలీలేదు" అంది.

సార్ అంది. ఆ మాట నన్ను గురించి అన్నదని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. పేదామె, తెలియక చేసిందని జాలిపడ్డాడు. సంజాయిషీ ఒకటి రాసిచ్చి, వానలు పడ్డాక ఆ చెట్టుకు బదులు రెండు మొక్కలు నాటి బతికిస్తే చాలన్నాడు. సంజాయిషీ రాసిపెట్టమని నాకే చెప్పాడు. నేను లోపలికి పోయి తెల్లకాయితం తెచ్చి, గేటు దిమ్మె మీద పెట్టుకుని రాశాను. అయ్యా అని మొదలుపెట్టి, చెట్టు కొట్టిన తేదీ వేసి, అవగాహన లోపం వల్ల జరిగిన పొరపాటును మన్నించవలసిందని, అన్నీ పద్ధతిగా రాశాను. మధ్యలో ఒక ముక్క చేర్చాను. "సదరు నిబంధనను నాకు చదివి వినిపించినప్పటికీ" అని. అది రాయమని ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళు ఫైళ్ళు రాసిన చెయ్యి తనంతట తానే ఆ ముక్క రాసి నన్ను భద్రంగా ఒడ్డున పడేసింది. అంత సిగ్గులేని వాక్యం నా జీవితంలో ఇంకొకటి రాయలేదు.

రాసి, అలవాటుగా కళ్ళజోడు సర్దుకుని, పైకి చదవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సదివేది వద్దులే సార్. యాడ సంతకం పెట్టాల్నో సూపించండి."

చూపించాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, నాలుక పంటి కింద పెట్టుకుని, వంకర పోకుండా పెట్టింది. నా రాత కింద.

ఆ తర్వాత ఆమె మాతో మాట్లాడటం మానలేదు. అదే నాకు కష్టమయింది. మా ఆవిడకు కరివేపాకు ఇచ్చేది, పండక్కి పాయసం పంపేది, ఎదురుపడితే "బాగుండారా సార్" అనేది. కానీ ఆమె కాయితాలు మా వరండాకు రావడం ఆగిపోయింది. ఏ కాయితమొచ్చినా సందు చివర టైలరు దగ్గరికి తీసుకుపోయేది. టైలరు కూడబలుక్కుని చదివేవాడు, ఒక్కోసారి తప్పు చదివేవాడు. ఆమె అక్కడే నిలబడి ముందు పేజీ, వెనక పేజీ చదివించుకునేదని మా ఆవిడ చెప్పింది. కొన్నాళ్ళకు మిగతా వాళ్ళూ అక్కడికే పోసాగారు. సాయంత్రాలు నాకు చాలా ఖాళీ దొరికింది.

మేలో నాయన వచ్చాడు. మొద్దు చూసి దాని మీద కూర్చుని బీడీ వెలిగించి, ఎవరు కొట్టినారని అడిగాడు. మునిసిపాలిటీ వాళ్ళని చెప్పాను. ఇక్కడ కూడా అబద్ధమే. ఆయన మొద్దు మీద అరచేత్తో రాసి, పొలానికి మూడు నాలుగు పైర్లకు సరిపడా ఆకెరువు ఇచ్చే చెట్టు పోయిందే అని మాత్రం అన్నాడు. ఇక లాన్ సంగతి. పైపుతో నీళ్ళు పట్టకూడదని వెనక పేజీలో ఉన్న మొదటి నిబంధనను నేను తప్పకుండా పాటించాను. పాటించక ఏం చేస్తాను, ఆ పేజీ మీద నాకు భయం పుట్టింది. బిందెలతో పోసినా ఆగలేదు. అడ్డం ఏమీ లేక పొద్దున్నుంచీ పడిన ఎండకు గడ్డి ముందు ఆ మూలే మాడింది. తర్వాత మొత్తం మాడింది. జూన్ వచ్చేసరికి తుక్కు దులిపి పారబోయడం తప్ప ఏమీ మిగల్లేదు. ఎర్రమట్టి నేల చూసుకుంటూ కుర్చీలో కూర్చునే ధైర్యం లేక కుర్చీ మిద్దె మీద పడేశాను.

వానలు పడ్డాక ఒక ఆదివారం ఆమె రెండు కానుగ మొక్కలు తెచ్చుకుంది. ఒకటి ఇంటి వెనక నాటింది. రెండోది పట్టుకుని, చేతిలో గడ్డపారతో ఇంటి ముందు నిలబడి, పాత మొద్దుకు కొంచెం ఇవతలగా, కొంచెం అవతలగా చూసుకుంటోంది. ఆయన గోడ పక్కన కుర్చీలోనే ఉన్నాడు. నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. గడ్డపార నేను అందుకుంటానని అడుగుదామనుకున్నాను. అన్నీ చెప్పేద్దామని కూడా ఆ రోజే అనుకున్నాను. వెనక పేజీ నాకు తెలుసమ్మా అని. గడ్డి కోసమేనమ్మా అని. గొంతు సవరించుకున్నాను.

ఆమె నా అలికిడికి తల తిప్పి, మొక్కను ఒకచోట నేల మీద ఆనించి పట్టుకుని, ఏ ఎత్తిపొడుపూ లేని గొంతుతో, నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది.

"ఈడ పెడితే, పెద్దదైనాక మీ గడ్డి మీద నీడ పడదు గదా సార్?"

నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదని అర్థమయింది. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో కూడా అడగలేకపోయాను. పడదమ్మా అన్నాను. నా వెనక గడ్డి లేదు, మట్టే ఉంది. అది ఆమెకు కనబడుతూనే ఉంది.

ఆమె ఎందుకైనా మంచిదని ఇంకా బాగా అవతలికి, తన ఇంటి తూర్పు మూలకు జరిగి గుంట తవ్వడం మొదలుపెట్టింది. గోడ పక్క కుర్చీలోంచి ఆయన "రైట్" అన్నాడు.

ఆ చెట్టు పెరిగింది. దాని నీడ ఏ పూటా మా ఇంటి మీద పడలేదు.